పొగగొట్టం లేని ఓడ

బాల్టిమోర్, మార్చి 3

ప్రియమైన నాన్నా,

ఫోన్లో నీకెలాగూ వినపడదు, అందుకే ఉత్తరం. నీ ఓడలోనే నాకు పని దొరికింది! రేడియేషన్ కొలిచే పని. లోపలి అణు రియాక్టర్‌ని తీసేస్తేగాని ఓడని ఎవరికీ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. తీశాక మ్యూజియం చెయ్యాలో, పాత ఇనుముకి అమ్మాలో నవంబరులో సభ పెట్టి తేలుస్తారట. ఆ రియాక్టర్ నడిపినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే. వచ్చి ఓడ తరఫున నాలుగు మాటలు మాట్లాడవూ?

నీ బెర్నడీన్

గాల్వెస్టన్, మార్చి 15

ప్రియమైన బెర్నీ తల్లీ,

నిక్షేపంలా ఉన్నాను. చెవులే పోయాయి, నోరు పోలేదు. ఏ రేవుకెళ్ళినా పిల్లలు "పొగగొట్టం ఏదీ?" అని అడిగేవాళ్ళు. "బొగ్గు లేదు, చమురు లేదు, ఇంక పొగెక్కడిదర్రా!" అంటే నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. అలాంటిదాని గుండె కోసేసి, డొల్లకి రంగులేసి నిలబెడతారా? అంతకంటే ముక్కలు చేసి అమ్మెయ్యండి. నేను రాను. రమ్మని మళ్ళీ రాశావో, ఊరుకోను. అక్కడి పీతలు తిని ఎన్నాళ్ళయిందో, అది వేరే సంగతి.

మీ నాన్న నార్బర్ట్

బాల్టిమోర్, అక్టోబరు 28

ప్రియమైన నాన్నా,

ఏడు నెలలు నీ మాట విన్నాను. ఇక నా వల్ల కాదు. రియాక్టర్ వెళ్ళిపోయింది. క్రేన్ దాన్ని ఎత్తుతుంటే రేవులో అందరూ పని ఆపి చూశారు.

నిన్న అది ఉన్న చోటికి దిగి నిలబడ్డాను. మీటరు ముల్లు కదల్లేదు. చుట్టూ ఉక్కు గోడలు, పైన కాస్త ఆకాశం. ఓడ కట్టినప్పటినుంచీ అక్కడ మనిషన్నవాడు నిలబడలేదు. నువ్వూ నిలబడలేదు. దాన్ని డొల్ల అనడానికి నాకు నోరు రావట్లేదు.

సభ నవంబరు పన్నెండున. ఇప్పటికైతే అమ్మేద్దామనేవాళ్ళదే పైచేయి.

నీ బెర్నడీన్

బాల్టిమోర్, నవంబరు 11

ప్రియమైన బెర్నీ తల్లీ,

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. రేవుకెదురుగా హోటల్లో ఉన్నాను. ముందే చెప్తే చెయ్యి పట్టుకుని నడిపిస్తావని చెప్పలేదు. ఇవాళ నీకు సెలవని కనుక్కుని మరీ సందర్శకుల వరసలో నిలబడ్డాను. ఓడ చూపించే ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి, నన్ను పట్టుకుని "తాతగారూ, తల జాగ్రత్త!" అంటుందా!

రియాక్టర్ ఉన్న చోటికి దిగాను. ఎనిమిదేళ్ళు గోడకి ఇవతల కూర్చుని, మీటర్ల ముళ్ళనీ దీపాలనీ నమ్ముకుని నడిపానే, ఆ చోటు ఇంతేనా? నాలుగడుగులేస్తే అవతలి గోడ తగిలింది. ఇంత చోట్లోంచా తల్లీ, అన్ని వేల టన్నులు సముద్రాలు దాటింది? టోపీ తీసేశాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. అమ్మేస్తే ఇది ఇంకెవరికీ కనపడదు. నేను రాసింది తప్పు. రేపు సభలో అదే చెప్తాను, కూర్చోమన్నా కూర్చోను.

పైకొచ్చాక ఆవిడ నా చెవి దగ్గర గట్టిగా అడిగింది, "ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా తాతగారూ?" అని.

"లేదమ్మా," అన్నాను. "ఇదే మొదటిసారి."

మీ నాన్న
నార్బర్ట్