మజ్జిగ చిందు

ఆదివారం, రాత్రి

కాళ్లు లాగుతున్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు.

ఈరోజు అక్క కొడుకు పెళ్లి మెరవణి, ఊరంతా ఊరేగింపు. తప్పెటకు చిందేసేవాళ్లకు మేనమామే మందు పోయించాలని మా ఊరి ఆనవాయితీ. తాగుడు మానేసినవాణ్ణి, ఇంకొకరికి ఎట్లా పోయిస్తాను? ఈ కరువులో ఇల్లిల్లూ తిరిగి పెరుగు పోగేసి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి రెండు కడవల మజ్జిగ పెట్టించాను.

తప్పెట మోగింది. ఒక్కడూ కదల్లేదు.

"ఏం బామ్మర్దీ, మజ్జిగ తాగి ఎగరమంటావా?" అని బావ అందరి ముందే అడిగాడు. అక్క మొహం చిన్నబోయింది. ఇక లోటాడు మజ్జిగ తాగి నేనే దిగాను. మందు పడకుండా చిందేయడం నాకు రాదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొదట సిగ్గేసింది. తర్వాత తప్పెట కాళ్లలోకి ఎక్కింది.

"మళ్లా మొదలుపెట్టినాడురా!" అని ఎవరో అరిచారు. అంతే, నా పెండ్లాం జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తను కూడా నమ్మేసిందా? గడ్డం పట్టుకుని నా నోరు వాసన చూసింది.

"అల్లం వాసన తప్ప ఏమీ లేదు. ఇంకా చూస్తాండారేమి, ఎగరండి!" అని తనే కొంగు దోపింది.

బావ లోటా చాపాడు. "నువ్వు తాగిందే నాకూ పోయప్పా."

వచ్చే నెల జాతర. అప్పుడు మందు ముట్టకుండా ఉండటం ఇంత తేలిగ్గా ఉండదేమో... ఉండకపోనీ. మెరవణిలో ఏం చేశానో రేపు పొద్దున ఎవర్నీ అడగక్కర్లేదు. నాకే గుర్తుంటుంది.