వైఫ్ అనడం రాని స్టూడెంట్

మార్చి 3
గొంతు పెంచి మాట్లాడడం నాకు చేతకాదు. గుడిలో బుద్ధుడి ముందు కూర్చుంటే జపం మధ్యలో తిట్లు దొర్లుతున్నాయి. అక్కడ తిట్టుకోవడం కంటే ఇక్కడ రాసుకోవడం నయం.

పడవల సంతలో అమ్ముకునే ఆడవాళ్లకు సాయంత్రాలు మా ముందు గదిలో ఇంగ్లీషు చెబుతాను. టూరిస్టులతో బేరానికి సరిపడేంత. ఇవాళ కొత్తగా ఒకామె వచ్చి చివర కూర్చుంది. సువాంగ్. మా ఆయన పోయేదాకా ఎవరి ఇంట్లో ఉన్నాడో, ఆవిడే. ఈ నెలాఖరుకు ఆయన సంవత్సరీకం.

నూడుల్స్ అమ్మే తామ్ నా చెవిలో, గెంటెయ్యమంటావా టీచరమ్మా అంది. వద్దన్నాను. పోయేది నా పరువే.

మార్చి 6
మా భాషలో ఎవరినైనా ఊరికే నువ్వు అనలేం. అక్కో చెల్లో పిన్నో, ఏదో వరస కలపాలి. దానితో నాకు వరసేమిటి? ఇంగ్లీషులో 'యూ' చాలు. యూ, రీడ్. యూ, స్టాండప్. ఇంత హాయైన భాష ఇంకొకటి లేదు.

మార్చి 11
చుట్టరికాల పాఠం. మాట చివరి హల్లును మింగేయడం మా నాలుకలకు అలవాటు. వైఫ్ అనమంటే సువాంగ్ 'వై' అంది. పళ్లు కింది పెదవికి ఆనించి గాలి వదలమన్నాను. వై. మళ్లీ. వై. నిలబెట్టి అనిపిస్తూనే ఉన్నాను. పెదవి చిట్లింది.

పోనీలే టీచరమ్మా, ఆ మాట దానికి ఎప్పుడూ అచ్చిరాలేదు అంది తామ్. అందరూ నవ్వారు.

మార్చి 12
జాలి పడాలట, గుడిలో చెప్పారు. పడను.

మార్చి 19
క్లాసయ్యాక సువాంగ్ ఆగింది. ఇంగ్లీషులోనే కూడబలుక్కుంటూ అడిగింది. సంవత్సరీకం నాడు వచ్చి, ఆయన ఫొటో ముందు ఒక్క అగరొత్తి వెలిగించుకుంటుందట. మన భాషలో అడుగుదామంటే నన్ను ఏమని పిలవాలో తేలలేదట. అందుకే క్లాసులో చేరిందట.

నో అన్నాను. ఆ మాటలో మింగడానికి చివర హల్లు లేదు. బాగానే అర్థమైంది.

మార్చి 28
చుట్టాలంతా విస్తళ్ల ముందు ఉన్నారు. సువాంగ్ పంపరపనస పళ్లతో గేటు దగ్గర నిలబడింది. తల వంచి, అందరికీ వినపడేలా, మా భాషలో, అక్కా అంది.

పలికితే చెల్లెలైపోతుంది.

నో క్లాస్ టుడే అన్నాను, మెల్లగానే. గేటు వేశాను.

నేను పోయాక ఈ కాగితాలు దాచండి. ఎవరికీ చూపించకండి. కాల్చకండి కూడా. కాల్చినవన్నీ పోయినవాళ్లకు చేరతాయి. ఆయన చదువుతాడు.