తెర పోయిన కంప్యూటరు, తీగ పీకిన ఆఫీసు

ఎర్రగుంటపల్లి,
9 జూన్ 2003

విత్తన పంపిణీ కార్యాలయం సూపరింటెండెంటు హనుమంతరాయుడు గారికి, రైతు సంఘం కార్యదర్శి కుళ్ళాయప్ప నమస్కారం.

మీరు అబద్ధమాడుతున్నారు. కంప్యూటరు తెర కాలిపోయింది కాబట్టి మా 412 మంది రైతుల జాబితా పోయిందట! వీధిలైటు ఆరితే ఊరు మాయమవుతుందా? జాబితా తెరలో కాదు, దాని పక్కనున్న కంప్యూటరు పెట్టెలో ఉంది. అది లేనిదే వేరుశనగ విత్తనాలు ఇవ్వలేమంటున్నారు కనుక, కంప్యూటరు చదువు చదివిన మా ఊరి హేమావతి తన పాత ల్యాప్‌టాప్ తెస్తుంది. ఒక తీగతో పెట్టె వెనక తగిలిస్తే, పెట్టెలో ఉన్నది ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క. మీ గుమాస్తా వెంకటప్ప "కంప్యూటరు సచ్చిపోయిండాదన్నా" అన్నాడు. "మరి లోపల ఫ్యాను తిరుగుతాండాది కదప్పా?" అంటే, "అది ఆఖరి ఊపిరి" అన్నాడు. ఆఖరి ఊపిరి మూడు వారాలు పీల్చే ప్రాణి మీ ఆఫీసులో తప్ప యాడా ఉండదు.

13 జూన్ 2003

శ్రీ కుళ్ళాయప్ప గారికి,

తీగ తగిలించగా ల్యాప్‌టాప్‌లో జాబితా కనిపించినది. గోప్యత దృష్ట్యా హేమావతి గారిని వెంటనే పంపివేసి మిగతాది మేమే చదివితిమి. ఒక కార్యాలయానికి ఒకే కంప్యూటరు మంజూరు. కావున ల్యాప్‌టాప్‌ను స్టాకు రిజిస్టరులో ఎక్కించి, పాతదానిని వేలానికి పెట్టడమైనది.

భవదీయుడు,
హనుమంతరాయుడు

తా.క. అంత పలుచని పెట్టెలో 412 మంది ఇమిడినందుకు సిబ్బంది సంతోషించిరి.

ఎర్రగుంటపల్లి,
16 జూన్ 2003

అయ్యా సూపరింటెండెంటు గారూ,

ల్యాప్‌టాప్ కిటికీ మాత్రమే స్వామీ! కిటికీ ఉంచుకుని ఇల్లు అమ్ముతారా? జాబితా పాత పెట్టెలోనే ఉంది. తీగ పీకొద్దు. నిన్న వాన పడింది, పదును ఆరేలోగా విత్తాలి.

మీ మీద ఇంకా ఆశ చావని
కుళ్ళాయప్ప

తా.క. హేమావతి అడగమంది: "నా ల్యాప్‌టాప్‌ను రిజిస్టరులో ఎక్కించేదానికి మీరెవరప్పా?"

20 జూన్ 2003

శ్రీ కుళ్ళాయప్ప గారికి,

తీగ స్టాకు రిజిస్టరులో లేనందున తీసివేసి, ఇందువెంట వాపసు పంపడమైనది. పాత పెట్టె సోమవారం వేలములో పోయినది. ల్యాప్‌టాప్‌లో ఇప్పుడొక గీత మాత్రమే మిణుకుమిణుకుమనుచున్నది. ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినందుకు హేమావతి గారు మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.

భవదీయుడు,
హనుమంతరాయుడు

తా.క. జాబితా లేనందున విత్తనములు లేవు. సహకరించగలరు.

ఎర్రగుంటపల్లి,
24 జూన్ 2003

మహా మేధావి హనుమంతరాయుడు గారికి,

ఇన్నాళ్లూ మిమ్మల్ని తెలివితక్కువవారనుకున్నాను. తప్పు నాదే. క్షమించండి.

వేలంలో మీ పెట్టెను కొన్న పాత ఇనుము వ్యాపారి యేసన్న మా సంఘం సభ్యుడు. "ఈ దయ్యం పెట్టె నాకెందుకు, మీరే సూసుకోండన్నా" అని తెచ్చి దించినాడు. మీరు వాపసు పంపిన తీగతోనే, అరువు తెచ్చిన ఇంకో ముసలి ల్యాప్‌టాప్‌ను హేమావతి దానికి తగిలించింది. జాబితా మొత్తం వచ్చింది. 412 పేర్లు. ప్రతి పేరు పక్కనా "విత్తనాలు అందినవి, ఏప్రిల్ నెల" అని ఉంది. ఊళ్లోకి ఒక్క గింజ రాలేదు! రెండేళ్ల కిందట చనిపోయిన గంగప్ప అందరికన్నా ముందొచ్చి మూడు బస్తాలు మోసుకుపోయినాడట. ఆయన భార్య నాగలక్ష్మమ్మ అది చదివించుకొని, "బతికుండగా ఒక్కనాడూ ఇంత తొందరగా లేసినోడు కాదే!" అంది.

జాబితా నకళ్లు కలెక్టరుకూ, నాలుగు పత్రికలకూ వెళ్లాయి.

ఇట్లు,
412 మంది తరఫున
కుళ్ళాయప్ప

తా.క. మా డిమాండ్లు:

1. శుక్రవారంలోగా 412 మందికీ విత్తనాలు ఇవ్వాలి.
2. ఏప్రిల్‌లో వాటిని ఎవరికి అమ్మారో రాసివ్వాలి.
3. హేమావతి మీద నోటీసు రద్దు చేయాలి.
4. ఆమె ల్యాప్‌టాప్ ఆమెకు ఇచ్చేయాలి.
5. గంగప్ప బస్తాలు మూడూ నాగలక్ష్మమ్మ ఇంటికి మీరే మోసుకురావాలి.