కెప్టెన్ గొంతు

జూన్ 14, ఆదివారం

తాబేలు గారికి,

నమస్కారం. మీరూ మీ ఇంట్లోవాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అసలు పేరు నాకు తెలియదు. మా ఆవిడ పిలిచిన పేరుతోనే మొదలుపెట్టాను, ఏమీ అనుకోకండి. మీరు కెప్టెన్ అని పిలిచిన ఆవిడ భర్తను నేను.

మీ ఛానెల్‌లో మీరిద్దరూ ఆన్‌లైన్‌లో ఆడిన పడవ ఆట వీడియోలు పోవడానికి కారణం నేనే. కాపీరైట్ ఫిర్యాదు నేను పెట్టాను. మీ జవాబు అందింది. మర్యాదగానే రాశారు, కెప్టెన్ బతికి ఉంటే ఇలా చేయనిచ్చేదా అన్న ముక్క తప్ప. ఆమె ఏం చేయనిచ్చేదో మీకంటే నాకే బాగా తెలియాలి.

లాయరైన మా బావమరిదిని అడిగాను. ఆటలోని సముద్రం, పడవ, సంగీతం అన్నీ దాన్ని తయారుచేసిన కంపెనీవట. ఆడి చూపించుకోండని వాళ్లు షరతులతో ఒప్పుకుంటారట. ఆడుతూ అక్క చెప్పిన మాటలు అక్కవి, ఇప్పుడు నీవి అన్నాడు. మరి ఆ తాబేలు మాటలో అన్నాను. అవి తాబేలువే బావా, పైగా అక్క ఇష్టపడే పెట్టనిచ్చింది, నీ కేసు కుంటి గుర్రం అన్నాడు.

కుంటిదైనా ఎక్కాను.

ఆఫీసు నుంచి రాగానే ఆమె గది తలుపు వేసుకునేది. ఇవతల బట్టలు మడతపెడుతూ నేను వినేవాణ్ణి. నేను జోకు చెబితే బాగుంది అనేది. మీరు పడవను రాతికి గుద్దితే పగలబడి నవ్వేది. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక ముద్దుపేరు లేదు. మీకు మొదటి ఆటలోనే పెట్టింది. ఆస్పత్రిలో ఒకసారి, పడవ ఎక్కడిదాకా వచ్చింది అని అడిగింది. నాకేం తెలుసు అన్నాను. అటు తిరిగి పడుకుంది.

ఫిర్యాదుకు ముందు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అతనికి మీ ఛానెల్ చూపించి, మీ గొంతు తీసేసి ఆమెది ఉంచగలవా అన్నాను. మాటలైతే చూస్తాను గానీ నవ్వులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, విడదీస్తే రెండూ పోతాయి సార్ అన్నాడు. అయితే రెండూ పోనీ అనుకున్నాను.

కాబట్టి ఫిర్యాదు వెనక్కి తీసుకోను. మీరు ఎన్ని జవాబులు రాసినా అంతే.

ఇట్లు,
కెప్టెన్ భర్త

తా.క. పైదంతా నిన్న రాసింది. ఫిర్యాదు ఈ ఉదయం వెనక్కి తీసుకున్నాను. మీ దగ్గర తీసేస్తే వారసుణ్ణి కాబట్టి వీడియోలు నాకు వచ్చి చేరతాయనుకున్నాను. ఎక్కడికీ రాలేదు. నల్ల తెర. నా దగ్గర ఒక్క కాపీ లేదు. ఆమె పోయాక రోజూ భోజనం దగ్గర అవే పెట్టుకునేవాణ్ణి, మిమ్మల్ని తిట్టుకుంటూ. వీడియోలు మళ్లీ కనిపించగానే ఒక మాట రాయండి. పడవ ఎక్కడిదాకా వచ్చిందో కూడా.