ఎర్ర ఊలు దారం

అక్కా,

బావకు క్షమాపణ చెప్పమని రాశావు. చెప్పను.

ఆయన నీకు సగమే చెప్పినట్టున్నాడు. ఆయన నడిపే హెలికాప్టర్‌ను మా ఓడ మీద దిగనివ్వకుండా రెండుసార్లు వెనక్కి పంపింది నేనే. ఓడ స్తంభం మీది గాలి కొలిచే యంత్రం గాలి బాగానే ఉందంది. కానీ బావ దిగేది స్తంభం మీద కాదుగా! డెక్కు ముందున్న హెలికాప్టర్ షెడ్డు గోడ దాటిన గాలి డెక్కు మీద పడి సుడి తిరుగుతుంది. అందుకే నీ స్వెట్టర్ అల్లికలో మిగిలిన ఎర్ర ఊలు దారాన్ని డెక్కు అంచున కర్రకు కట్టాను. ఆ రోజు అది గిలగిలా కొట్టుకుని గోడవైపే తిరిగింది. రావద్దని రెండుసార్లూ చేతులు అడ్డంగా ఊపేశాను. కెప్టెన్ ఓడను కాస్త తిప్పి వేగం తగ్గించాక, దారం నిదానించాకే రమ్మన్నాను.

"మా బామ్మర్దికి గాలి సోకింది" అని బావ భోజనాల దగ్గర అందరినీ నవ్వించాడు. నాతో మాటల్లేవు.

అలగనీ. దారం మళ్లీ అలా ఆడితే, లోపల బావ ఉన్నా, పెద్ద అధికారి ఉన్నా మళ్లీ ఊపుతాను.

అన్నట్టు, ఆ దారం పీలికలైపోయింది. వచ్చే వారం సెలవుకు వస్తాడుగా, ఇంకో రెండు మూరలు పంపు. బావ చేతికే ఇచ్చి పంపు.

నీ తమ్ముడు