బురదలో నవ్వు

రఘూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇంట్లో ఉండలేక మన అన్వీ, నేనూ వైన్ తోటలుండే నాపా వెళ్లాం. వైన్ తాగని మనకి అక్కడేం పనే అంటే, "మడ్ బాత్ బుక్ చేశా అమ్మా" అంది.

వేడి బురద తొట్టెల్లో మమ్మల్ని పక్కపక్కనే మెడదాకా కప్పేశారు. అంతలో దానికి ముక్కు మీద దురద పుట్టింది. చేతులేమో బురదలో.

"అమ్మా, డూ సంథింగ్!"

తొట్టెలోంచే దాని ముక్కు మీదికి గట్టిగా ఊదాను. అందలేదు. ఇద్దరం పగలబడి నవ్వాం. నువ్వు పోయాక దాని నవ్వు వినడం అదే మొదటిసారి. తర్వాత ఒళ్లు కడుక్కుంటుంటే నాకు ఏడుపొచ్చింది. నవ్వినందుకో, ఆ నవ్వు నువ్వు వినలేదనో, తెలియలేదు.

కార్‌లో అది మెల్లగా అడిగింది. "ఇవాళ నవ్వొచ్చా అమ్మా? ఈజ్ ఇట్ ఓకే?"

"నవ్వొచ్చు" అని వెంటనే చెప్పేశాను.

నవ్వొచ్చా, రఘూ?