బట్టల తాడుకి ఇవతలి కొస

త్బిలీసి నగరం, సోలోలాకి పేటలోని మా ఉమ్మడి లోగిలిలో, పై అంతస్తు ఎడమవైపు రెండు గదుల్లో ఉంటున్న పర్మెన్ లోబ్జానిడ్జె అనే నేను, రాచా కొండల్లో పుట్టి, అక్కడి బడిలో ఏడో తరగతి వరకు చదివి, వడ్రంగం చేసి మానుకున్నవాణ్ణి, డెబ్భై ఎనిమిదో ఏట, తెలివి సరిగా ఉండగా, కళ్ళజోడు పెట్టుకుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. ఒంట్లో బాగానే ఉంది. ఇది చూసి ఎవరూ కంగారుపడి సూప్ కాచుకుని రావద్దు.

నోటరీ ఆఫీసులో అమ్మాయి ఒక మాట చెప్పింది. ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదు. పెడితే వాళ్ళకి రాసింది చెల్లదు. ఈ మాట చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి. చివర్లో కావలసి వస్తుంది.

1. నా రెండు గదులూ, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా చెల్లెలి కొడుకు మాల్ఖాజ్‌కి సర్వహక్కులతో చెందుతాయి. మంచి కుర్రవాడు. కాకపోతే వచ్చినప్పుడల్లా టేపు తీసి వరండా కొలుస్తాడు. "మామయ్యా, అద్దాలు బిగిస్తే ఇది మూడో గదైపోతుంది. లోగిట్లో అందరూ బిగించేసుకున్నారు. మీరొక్కరే చలిలో పావురాలతో కూర్చుంటారేంటి?" అంటాడు. నిజమే, అందరూ బిగించుకున్నారు. నేనూ, ఎదుటి వరండా లమారాగారూ తప్ప.

2. కాబట్టి వరండా గదులతో పాటు పోదు. ఆ వరండా, దాని స్తంభానికి నేను బిగించిన ఇనప కప్పీ, కప్పీ మీద తిరిగే బట్టల తాడుకి ఇవతలి కొస, ఇవన్నీ లమారాగారికి ఆమె జీవించి ఉన్నంతకాలం చెందుతాయి. తాడు లోగిలి మీదుగా ఆమె వరండాలోని కప్పీ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. ఇవతల అద్దాలు పెడితే తాడు తియ్యాలి. తీస్తే ఆవిడ దుప్పట్లు ఎక్కడ ఆరేసుకుంటారు? ఆవిడ ఉండగా మాల్ఖాజ్ అద్దాలు వేయించకూడదు.

ఈ తాడు సంగతి కోర్టువారికి తెలియకపోవచ్చు. ఒకరు లాగితే ఇద్దరి బట్టలూ కదులుతాయి. అందుకని లాగేముందు కేక వెయ్యాలని మా లోగిలి కట్టుబాటు. నాకు కేక రాదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో కేక వెయ్యకుండానే లాగాను. నా తడి పైజామా అవతలికి వెళ్ళి, వరండాలో భోంచేస్తున్న లమారాగారి భర్త ముఖాన తగిలింది. ఆయన లేచి నిలబడి పైజామాకి నమస్కారం పెట్టి, "రండి బాబూ, రండి! నిలబడే ఉన్నారేం, కూర్చోండి, వైన్ పోస్తాను" అన్నారు. లోగిలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. కొన్నాళ్ళు నేను తలుపు తియ్యలేదు. తర్వాత మా ఊరి గొర్రెల గంట ఒకటి తెచ్చి తాడుకి కట్టాను. అప్పటినుంచీ లాగేముందు గంట కదుపుతాను. గంట కూడా లమారాగారికే.

3. చిక్కుడు గింజలు వండే మట్టికుండ, మూతతో సహా. ఆమె భర్త పోయిన చలికాలం ఏమని పలకరించాలో తెలియక, ఆ కుండలో గింజలు వండి, బుట్టలో పెట్టి తాడు మీద పంపాను. మా లోగిట్లో ఎవరి గిన్నే ఖాళీగా తిరిగి రాదు. అది పుల్లటి రేగు పచ్చడితో వచ్చింది. మరి నేను మాత్రం ఖాళీగా ఎలా పంపను? అలా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మొదటి కుండ నాదే. అది పగిలితే కొత్తది ఆవిడ కొన్నారు. దాని మూత పగిలితే నేను కొన్నాను. ఇప్పుడది ఎవరిదో నాకు తెలియదు. నాదైతే ఆవిడకి ఇస్తున్నాను. ఆవిడదైతే గొడవే లేదు.

4. కింది అంతస్తు గురామ్‌కి నా పాచికలాట పలక. పాచికలు ఇవ్వడం లేదు. ఎందుకో అతనికి తెలుసు. గురామ్ పాచికలు విసరడు, కావలసిన అంకె పైకి వచ్చేలా పరుస్తాడు. అడిగితే, "అన్నయ్యా, నా చెయ్యి అలాంటిది, నేనేం చెయ్యను?" అంటాడు. ఆ చేతికి పలక చాలు.

5. ఉలులు, చిత్రిక, రంపాలు మాల్ఖాజ్‌కి. చెక్కమెట్లు కిర్రుమంటున్నాయని లోగిట్లో ఎవరు పిలిచినా వెళ్ళాలి. టేపు అందుకు వాడుకోవాలి.

6. కుళాయి పక్క గదిలో ఉండే జుజునాకి ఏమీ రాయలేదు. ఎవరింట్లో ఏముందో ఆమెకి ముందే చేరిపోతుంది, నేను వేరే ఇవ్వాల్సింది లేదు. కోపం కూడా ఉంది. అందరూ అద్దాలు వేయించుకున్న ఏడాది, మీరెందుకు వేయించలేదని నన్ను అడిగితే డబ్బు లేదన్నాను. లమారాగారిని అడిగితే గాలాడదన్నారు. జుజునా బకెట్ కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి అరిచింది: "డబ్బూ కాదు, గాలీ కాదు! ఇద్దరికీ ఆ తాడు పోతుందని బెంగ! ఒసేయ్ లమారా, నువ్వన్నా నోరు విప్పవే! ఆ రాచా కొండల ఆయన నోరు విప్పేసరికి మనందర్నీ శ్మశానానికి మోసేసి ఉంటారు!"

లమారాగారు ఆరేసిన దుప్పటి వెనక్కి వెళ్ళిపోయారు. నేను గదిలోకి వెళ్ళిపోయాను. జుజునా అన్నది అబద్ధమైతే నాకంత కోపం వచ్చేది కాదు.

7. ఈ దఫా ఆస్తి గురించి కాదు. అయినా ఇక్కడే రాస్తున్నాను, వేరే చోట చెప్పలేను కాబట్టి.

మొదటి సాక్షి సంతకం అయ్యాక ఈ కాగితాన్ని బుట్టలో పెట్టి, గంట కదిపి, రెండో సాక్షి సంతకం కోసం లమారాగారికి పంపుతాను. ఆవిడ సంతకం పెడితే రెండో దఫా, మూడో దఫా చెల్లవు. వరండాకి అద్దాలు వస్తాయి. ఆవిడ దుప్పట్లకి లోగిట్లో నేనే ముందుగా స్తంభాలు పాతి ఇస్తాను. మనసులో ఏమీ పెట్టుకోను. చిక్కుడు గింజలు ఎప్పటిలాగే పంపుతాను.

సంతకం పెట్టకుండా తిప్పి పంపితే మాత్రం, ఆ కుండ ఇక అటూ ఇటూ తిరగకుండా ఒకే పొయ్యి మీద ఉండటానికి ఆవిడ ఒప్పుకున్నట్టు నేను అనుకుంటాను. ఏ పొయ్యి అన్నది ఆవిడ ఇష్టం. నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు. నేనూ అడగలేను.

పై దఫాలన్నీ రెండోసారి చదువుకున్నాను. ఏడోది మూడోసారి కూడా చదివాను. కొట్టివేతలు లేవు.

సోలోలాకి, 2016 అక్టోబరు 9, ఆదివారం.

(సంతకం) పర్మెన్ లోబ్జానిడ్జె

మొదటి సాక్షి: ఎలిజ్బార్ ఖుత్సిష్విలి, వీధి మూల రొట్టెల భట్టీ. (సంతకం)

రెండో సాక్షి: నేను పెట్టను. మీ పొయ్యి పొగ చిమ్ముతుంది, నా పొయ్యే నయం. ఈసారి కుండ ఖాళీగా పంపుతున్నాను, చూసి బెదిరిపోకండి. గింజలు వేసి మీరే పట్టుకురండి. గంట అక్కర్లేదు, మెట్లెక్కి రండి. లమారా.

రెండో సాక్షి: జుజునా మెస్ఖి, కుళాయి పక్క గది. (సంతకం) నాకేమీ రాయలేదు కాబట్టి ఈ లోగిట్లో సంతకానికి పనికొచ్చేదాన్ని నేనే మిగిలాను. చదివాకే పెట్టాను. కుళాయి దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా చదివాను. గురామ్ పాచికలు అడుగుతున్నాడు.